మాకూ ఒక గది కట్టనివ్వండి

నేను కట్టిన మొదటి లెవెల్‌లో, గుమ్మం దగ్గరే, మా తమ్ముడు ఆరుసార్లు చచ్చాడు.

టైటాన్ క్వెస్ట్ అనే కంప్యూటర్ గేమ్‌తో పాటు వచ్చిన, సొంత లెవెల్స్ కట్టుకునే ఎడిటర్‌లో నెల రోజులు కూర్చుని ఒక సమాధి కట్టాను. పైన ఎండిపోయిన కొండ, కొండ పక్కన రాతి మెట్లు, మెట్లు దిగితే పొడవాటి నడవ, నడవ చివర ఒక పెద్ద గది, ఆ గదిలో బాస్, అంటే చివరి పెద్ద శత్రువు. నడవ మొదట్లోనే 30 అస్థిపంజరాలను నిలబెట్టాను. వాటిలో సగం విల్లు పట్టినవి. నేను ఆడి చూసుకున్నప్పుడు బాగానే ఉంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో నాకు ముందే తెలుసు కదా. వాడికి తెలియదు. మెట్లు దిగి గుమ్మం దాటగానే రెండు వైపుల నుంచీ బాణాలు. వెనక్కి తగ్గుదామంటే గుమ్మం ఇరుకు, పక్కకు జరుగుదామంటే గోడ. ఆరోసారి చచ్చాక వాడు మౌస్ వదిలేసి, ఒక టెక్స్ట్ ఫైల్ తెరిచి, నా తప్పుల చిట్టా రాయడం మొదలుపెట్టాడు. మొదటి లైను: "గుమ్మం దగ్గర జాగా లేదు."

అప్పటికి ఆ గేమ్‌ని రెండుసార్లు పూర్తి చేశాను. గుమ్మం వెడల్పు గురించి మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ రాత్రి అసలు గేమ్‌ని మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పరుగు పెట్టకుండా, ఎక్కడ ఏముందో చూసుకుంటూ నడిచాను. పెద్ద గుంపు ఎదురయ్యే ముందు ఇద్దరో ముగ్గురో బలహీనులు కనిపిస్తారు. రాబోయేది ఎలాంటి శత్రువో వాళ్ళను చూస్తే అర్థమవుతుంది. తరువాత గుంపు. గుంపు దాటాక కాస్త ఖాళీ నేల, ఊపిరి తీసుకోవడానికి. బాణాలు వేసేవాళ్ళున్న చోట దాక్కోవడానికి ఒక స్తంభమో, విరిగిన గోడో ఉంటుంది. రెండుసార్లు ఆడినా నాకు కనిపించని పనితనం, ఒక్క సమాధి కట్టి చెడగొట్టుకున్నాక కనిపించింది.

అందుకే నా మాట మొదటే చెప్పేస్తాను. యాక్షన్ ఆర్పీజీలు, అంటే శత్రువులను కొడుతూ మన క్యారెక్టర్‌ని పెంచుకునే ఇలాంటి గేమ్‌లు, ఆడేవాళ్ళకు లెవెల్ ఎడిటర్ ఇవ్వాలి. ఈ మాట చాలాకాలంగా అంటున్నాను, చాలామంది కాదన్నారు. వాళ్ళు చెప్పిన కారణాల్లో కొన్ని నిజంగా బలమైనవి. వాటికి జవాబు దొరికిందని ఈమధ్యే అనిపించింది కాబట్టి ఇది రాస్తున్నాను.

వేరే రకం గేమ్‌లలో ఈ చర్చే లేదు. 1993లో వచ్చిన డూమ్‌లో మ్యాపులూ బొమ్మలూ శబ్దాలూ అన్నీ గేమ్‌ని నడిపే ఇంజిన్ నుంచి విడిగా వేరే ఫైల్‌లో పెట్టారు. ఆడేవాళ్ళు ఆ ఫైళ్ళు మార్చుకుని సొంత లెవెల్స్ చేసుకున్నారు. ఆ పని ఇప్పటికీ ఆగలేదు. స్ట్రాటజీ గేమ్‌ల సంగతి ఇంకా గొప్పది. స్టార్‌క్రాఫ్ట్‌కి ఎవరో చేసిన ఒక మ్యాప్ స్ఫూర్తిగా, వార్‌క్రాఫ్ట్ 3 ఎడిటర్‌లో డోటా పుట్టింది. దాని నుంచి డోటా 2, లీగ్ ఆఫ్ లెజెండ్స్ వచ్చాయి. గేమ్ కంపెనీలు ముందుగా ఊహించని ఒక కొత్త రకం గేమ్, ఆడేవాళ్ళకిచ్చిన పనిముట్టులోంచి వచ్చింది.

మన రకంలోనూ ఇచ్చినవాళ్ళు లేకపోలేదు. 2002లో డంజన్ సీజ్ వచ్చింది. దాని ఎడిటర్‌తో అభిమానుల బృందం ఒకటి 1988 నాటి అల్టిమా 5 మొత్తాన్ని మళ్ళీ కట్టి 2005లో విడుదల చేసింది. అల్టిమా 6 కోసం పూనుకున్న ఇంకో బృందం 2010 దాకా పట్టు వదలలేదు. 2009లో టార్చ్‌లైట్ వచ్చింది. డయాబ్లో చేసినవాళ్ళలో కొందరు చేసిన గేమ్ అది. దానికీ ఎడిటర్ ఇచ్చారు, టార్చ్‌లైట్ 2కీ 2013లో ఇచ్చారు. గ్రిమ్ డాన్‌కి ఇచ్చిన పనిముట్లతో అభిమానులు డయాబ్లో 2 ప్రపంచాన్నే అందులో తిరిగి కట్టారు. స్కైరిమ్ లెక్క వేరు. దాని కెమెరా, నడక అన్నీ వేరే పద్ధతి. అయినా ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 2015లో స్కైరిమ్‌కి మోడ్‌గా, అంటే ఆడేవాళ్ళు చేసిన చేర్పుగా, వచ్చిన ద ఫర్‌గాటెన్ సిటీకి మరుసటి ఏడాది ఆస్ట్రేలియా రచయితల సంఘం అవార్డు ఇచ్చింది. 2021లో అదే సొంత కాళ్ళ మీద నిలబడిన గేమ్‌గా విడుదలైంది.

కానీ ఈ రకానికి పెద్ద దిక్కుగా ఉన్న గేమ్‌లను చూడండి. డయాబ్లో 3, డయాబ్లో 4, పాత్ ఆఫ్ ఎక్సైల్. ఒక్కదానికీ ఎడిటర్ లేదు. డబ్బు లేక కాదు, చేతకాక కాదు. కారణం ఒక్క మాటలో చెప్పొచ్చు: లూట్.

ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. యాక్షన్ ఆర్పీజీలో మనం చేసేది ఏమిటి? శత్రువుల్ని కొడతాం, వస్తువులు రాలతాయి (అదే లూట్), వాటితో బలపడతాం, ఇంకా పెద్ద శత్రువుల దగ్గరికి వెళ్తాం. వందల గంటల తరువాత దొరికిన ఒక ఉంగరానికి విలువ ఎక్కడి నుంచి వస్తుంది? అది అంత తేలిగ్గా దొరకదు అన్న నమ్మకం నుంచి వస్తుంది. ఇప్పుడు నా చేతికి ఎడిటర్ ఇచ్చి, నేను కట్టిన గదిలో రాలిన ఉంగరం నాదే అంటే ఏమవుతుంది? ఒక గదిలో 100 నిధి పెట్టెలు పెడతాను. లేదా కదలలేని రాక్షసులను ఒక గుంటలో కుక్కి, పైనుంచి నిప్పు పోస్తాను. రెండు రోజుల్లో ఆ ఉంగరం అందరి వేలికీ ఉంటుంది. కష్టపడి తెచ్చుకున్నవాడి ఉంగరం కూడా ఆ రోజే విలువ పోగొట్టుకుంటుంది.

ఇది ఊహ కాదు. మొదటి డయాబ్లోలో క్యారెక్టర్లు ఆడేవాళ్ళ కంప్యూటర్‌లోనే ఉండేవి. దాంతో వస్తువులను నకలు తీయడం, అంకెలు మార్చడం మామూలైపోయింది. అందుకే 2000లో వచ్చిన డయాబ్లో 2లో రెండు దారులు పెట్టారు. ఒకదానిలో క్యారెక్టర్ కంపెనీ సర్వర్ మీద ఉంటుంది. రెండోదానిలో మన కంప్యూటర్‌లో ఉంటుంది, అక్కడ ఎవరు ఏం తెచ్చినా అడిగేవాడు లేడు. నిజాయితీగా ఆడదలచినవాళ్ళు మొదటి దారి పట్టారు.

ఇంకా సూటిగా తగిలే ఉదాహరణ సిటీ ఆఫ్ హీరోస్. అది ఎంఎంఓ, అంటే వేలమంది ఒకే ప్రపంచంలో కలిసి ఆడే ఆన్‌లైన్ గేమ్. 2009 ఏప్రిల్‌లో ఆడేవాళ్ళే మిషన్లు తయారుచేసుకునే సౌకర్యం ఇచ్చారు, అందులో ఆడితే నిజమైన అనుభవం పాయింట్లు కూడా ఇచ్చారు. ఎంతో మనసు పెట్టి రాసిన కథలు వచ్చాయి. వాటి పక్కనే, కొద్ది రోజుల్లోనే, లెవెల్ పెంచుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని మిషన్లు కుప్పలుగా వచ్చి పడ్డాయి. తక్కువ ప్రమాదం, ఎక్కువ పాయింట్లు. మంచి కథ రాసినవాడి మిషన్ ఆ కుప్ప అడుగున పడిపోయింది. డెవలపర్లు నియమాలు బిగిస్తూ వెళ్ళారు, ఆడేవాళ్ళు కొత్త సందులు వెతుకుతూ వెళ్ళారు.

ఆ మిషన్లు చేసినవాళ్ళను నేను తప్పుపట్టను. బహుమతి ఎటు ఉంటే మనిషి అటు నడుస్తాడు. ఆ బహుమతిని అక్కడ పెట్టడంలోనే పొరపాటు ఉంది.

సరే, మరి అందరికీ తెలిసిన మందు ఒకటుంది. గోడ కట్టడం. టైటాన్ క్వెస్ట్‌లో ఆడేవాళ్ళు చేసిన మ్యాపులకు వేరే క్యారెక్టర్లు ఉండాలి. అసలు కథలో ఆడే క్యారెక్టర్ అటు రాడు, అటు సంపాదించినది ఇటు రాదు. అదే బృందంలోని కొందరు తరువాత చేసిన గ్రిమ్ డాన్‌లోనూ ఇదే పద్ధతి. లూట్ భయానికి ఇది పూర్తి జవాబు. నా సమాధిలో 100 పెట్టెలు పెట్టినా ప్రపంచంలో ఎవరికీ నష్టం లేదు. "ఎడిటర్ ఇస్తే గేమ్ పాడవుతుంది" అని ఇప్పటికీ ఎవరైనా అంటే, ఈ గోడ 2006 నుంచీ నిలబడే ఉందని చూపించాలి.

కానీ గోడకు ఒక ఖరీదు ఉంది. ఆ ఖరీదు నేను స్వయంగా చెల్లించాను కాబట్టి దాచను. తమ్ముడి చిట్టా ప్రకారం సమాధిని మూడుసార్లు సరిచేసి, ఇంటర్‌నెట్‌లో పెట్టాను. ఏడాదిలో దాన్ని దించుకున్నవాళ్ళు 40 మంది లోపే. ఆడి ఒక మాట రాసినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు రాసింది నాకు ఇప్పటికీ గుర్తుంది: మ్యాప్ బాగుంది, కానీ నా క్యారెక్టర్‌ని తీసుకురాలేనప్పుడు ఎందుకు ఆడాలి?

ఆయన అన్నది న్యాయమే. ఈ రకం గేమ్‌లో క్యారెక్టర్ అంటే మన కాలం. నెలల తరబడి ఒక్కో పాయింట్ ఆలోచించి పెట్టి పెంచుకున్న మనిషి. అతన్ని గుమ్మం బయట నిలబెట్టి, కొత్తవాడితో మొదటి నుంచి రమ్మంటే, ఎంత మంచి మ్యాప్ అయినా పరాయి ఇల్లులాగే ఉంటుంది. స్ట్రాటజీ గేమ్‌లో ఈ చిక్కు లేదు. ప్రతి ఆటా సున్నా నుంచే మొదలవుతుంది కాబట్టి ఎవరి మ్యాప్‌లోకైనా చేతులూపుకుంటూ వెళ్ళొచ్చు. డోటా వార్‌క్రాఫ్ట్‌లో పుట్టి డయాబ్లోలో పుట్టకపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

కాబట్టి చిక్కు ఇదీ. గోడ కడితే ఎవరూ రారు. గోడ తీసేస్తే అందరూ వచ్చి దోచుకుపోతారు.

దీని గురించి చాలాకాలం నాకు దారి కనిపించలేదు. చివరికి అది దొరికింది, ఎడిటర్ వద్దనేవాళ్ళు చెప్పే రెండో కారణంలోనే. వాళ్ళు అంటారు: "యాక్షన్ ఆర్పీజీకి లెవెల్స్ ఎవరూ కట్టనక్కరలేదు, కంప్యూటరే ప్రతిసారీ కొత్త మ్యాప్ కలిపి ఇస్తుంది కదా. మొదటి డయాబ్లో నుంచీ అంతే కదా."

ఆ కంప్యూటర్ అసలు చేసేది ఏమిటో ఒక్కసారి దగ్గరగా చూడాలి. అది శూన్యంలోంచి ఏమీ పుట్టించదు. మనుషులు చేసిన ముక్కలను తీసుకుని, వాటి తలుపులూ దారులూ సరిపోయేలా అతుకుతుంది. మొదటి డయాబ్లో ఆడినవాళ్ళను ఒక గది చెప్పమనండి. బుచర్ గది అంటారు. చుట్టూ వంకరటింకర నేలమాళిగ ప్రతిసారీ మారిపోతుంది. ఆ గది మాత్రం ఎక్కడ వచ్చినా అదే గది. మూసిన తలుపు, లోపల నెత్తురు, శవాలు, మన మీదకు దూసుకొచ్చే ఒకే ఒక్క శత్రువు. దాన్ని ఒక మనిషి ఆలోచించి కట్టాడు, కంప్యూటర్ ఎక్కడో ఒక చోట అమర్చింది. ఇన్నేళ్ళ తరువాత కూడా మనకు గుర్తున్నది మనిషి కట్టిన ఆ ముక్కే. అతుకుల నడవల్లో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

అంటే ఈ గేమ్‌లలో కట్టడానికి అసలైన కొలత మ్యాప్ కాదు, గది. అలాంటప్పుడు ఆడేవాళ్ళ చేతికీ అదే కొలత ఇస్తే?

నేను అడిగేది ఇదే. మొత్తం మ్యాప్ అక్కరలేదు. ఒక గది కట్టనివ్వండి. తలుపులు ఎక్కడుండాలో గేమే చెబుతుంది. ఎంతమంది శత్రువులను పెట్టొచ్చో ఒక హద్దు ఉంటుంది. వాళ్ళ బలం ఎంత, వాళ్ళను చంపితే ఏం రాలుతుంది అన్నవి నా చేతిలో ఉండవు. గోడలు, స్తంభాలు, మెట్లు, వెలుతురు, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఎప్పుడు బయటికి రావాలి, ఇవి నావి. నా గది తయారయ్యాక వందల వేల గదులున్న ఒక రాశిలోకి వెళ్తుంది. ఎవరో ఎక్కడో తన సొంత క్యారెక్టర్‌తో ఒక నేలమాళిగలోకి దిగినప్పుడు, కంప్యూటర్ అతికే 20 ముక్కల్లో ఒకటి నాదై ఉంటుంది.

ఇందులో ముఖ్యమైన సంగతి గమనించండి. ఏ గది వస్తుందో ఆడేవాడి చేతిలో లేదు. సిటీ ఆఫ్ హీరోస్‌లో దోపిడీ సాగడానికి కారణం, ఏ మిషన్ ఆడాలో ఆడేవాడే ఎంచుకోవడం. ఒక తేలిక మిషన్ దొరికితే దాన్నే 100 సార్లు తిప్పొచ్చు. ఇక్కడ నేను ఎంత తేలిక గది కట్టినా, అది మళ్ళీ నాకే ఎదురవుతుందన్న హామీ లేదు. నాకోసం నేను దోచుకునే గది కట్టుకోలేను. ఏ యాదృచ్ఛికతను చూపించి ఎడిటర్ అక్కరలేదన్నారో, అదే ఎడిటర్‌కి తాళంగా పనికొస్తుంది. మనుషులు రావడం లేదన్న బాధ కూడా దీంతోనే పోతుంది. నా సమాధి దగ్గరికి ఎవరూ రాలేదు. నా గది దగ్గరికి మాత్రం గేమే మనుషులను పంపిస్తుంది.

ఇంతకుముందు చెప్పినప్పుడు వచ్చిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అందరూ ఊరికే తేలిక గదులు కట్టి పడేస్తే? అసలు దాటలేని గది కడితే? రెండోదానికి జవాబు 2015లోనే సూపర్ మారియో మేకర్ ఇచ్చింది. అందులో లెవెల్ చేసినవాడు ముందు తానే దాన్ని పూర్తి చేయాలి, అప్పుడే అందరికీ పెట్టగలడు. ఆ ఒక్క నియమం ఉంటే సగం చెత్త గడప దాటదు. అయితే యాక్షన్ ఆర్పీజీలో అది ఒక్కటే చాలదు. నా సమాధిని నేను దాటాను కదా, తమ్ముడు దాటలేదు. తెలిసినవాడు దాటడం వేరు, తెలియనివాడు దాటడం వేరు. కాబట్టి కొత్త గదిని మొదట కొద్దిమందికే చూపించి, మామూలు గదిలో పట్టే సమయంతో, పోయే ప్రాణాలతో పోల్చి చూడాలి. మరీ తేలికైనా, మరీ ఘోరమైనా వెనక్కి పంపాలి, ఎందుకు పంపారో చెప్పి పంపాలి. ఆన్‌లైన్ గేమ్‌లు ఈ లెక్కలన్నీ ఎలాగూ సేకరిస్తూనే ఉన్నాయి. బూతు బొమ్మలు, బూతు రాతలు పెడితే ఎలా అన్నది ఇంకో ప్రశ్న. గేమ్‌లో ఉన్న వస్తువులే వాడాలి, సొంత బొమ్మలూ రాతలూ వద్దు అంటే చాలావరకు తీరిపోతుంది.

పాత్ ఆఫ్ ఎక్సైల్ ఆడేవాళ్ళకు ఇందులో ఒక పోలిక తోచవచ్చు. అక్కడ మ్యాప్ కూడా ఒక వస్తువే. దాని మీద ఆర్బ్‌లు అనే వస్తువులు వాడి, శత్రువులు ఎక్కువయ్యేలా, వాళ్ళ మీద నిప్పు తక్కువ పనిచేసేలా, ఇలా గుణాలు మార్చుకుంటాం. నేను ఎక్కడికి వెళ్తానో, అక్కడ ఎంత ప్రమాదం ఉండాలో కొంత నేనే నిర్ణయిస్తాను. ఆడేవాళ్ళు ఆ చిన్న అధికారాన్ని ఎంత శ్రద్ధగా వాడుకుంటారో ఆ గేమ్ ఆడినవాళ్ళకు తెలుసు. అంకెల మీద ఇచ్చిన ఆ అధికారాన్ని రాళ్ళ మీద, తలుపుల మీద కూడా ఇవ్వమంటున్నాను.

ఖర్చు సంగతి. ఎడిటర్ అంటే ఆఫీసులో వాడేదాన్ని తీసి బయట పడేయడం కాదని నాకు తెలుసు. లోపల వాడే పనిముట్టు లోపలివాళ్ళకే అర్థమయ్యేలా ఉంటుంది. ఎక్కడ నొక్కితే కూలిపోతుందో వాళ్ళకు అలవాటైపోయి ఉంటుంది. బయటికి ఇవ్వాలంటే శుభ్రం చేయాలి, ఎలా వాడాలో రాయాలి, గేమ్ మారినప్పుడల్లా దాన్నీ మార్చాలి. 2013లో వచ్చిన నెవర్‌వింటర్‌లో ఫౌండ్రీ అని ఆడేవాళ్ళే కథలు కట్టుకునే సౌకర్యం ఉండేది, 2019 ఏప్రిల్‌లో దాన్ని మూసేశారు. ఇలాంటిదాన్ని నిలబెట్టడానికి ఏటా మనుషుల శ్రమ కావాలి. పదిమంది ఉన్న చిన్న స్టూడియోని విడుదల రోజే ఎడిటర్ ఇమ్మని నేను అడగను. ముందు గేమ్ బాగా రానివ్వండి. 2015లో వచ్చిన ద విచర్ 3కి ఎడిటర్ 2024లో ఇచ్చారు, తొమ్మిదేళ్ళ తరువాత. ఆలస్యంగా ఇచ్చినా పండుగే. ఒక్క గది కట్టే చిన్న ఎడిటర్ అయితే ఈ భారం కూడా బాగా తగ్గుతుంది.

ఇచ్చేటప్పుడు ఇంకో మాట తేల్చి చెప్పాలి. కట్టినది ఎవరిది? 2020లో వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్డ్ వచ్చినప్పుడు, ఆడేవాళ్ళు ఆ ఎడిటర్‌తో చేసే గేమ్‌లన్నీ కంపెనీ సొత్తే అని షరతుల్లో రాసుకున్నారు. డోటా వేరే కంపెనీల చేతికి పోయిన తరువాత వచ్చిన జాగ్రత్త అది. వ్యాపారంగా నాకు అర్థమవుతుంది, కానీ చదివిన రోజు మనసు చివుక్కుమంది. ఇంకోవైపు, 2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ మోడ్‌లకు డబ్బు పెట్టి అమ్మే పద్ధతి తెచ్చి, గొడవ చూసి నాలుగు రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. నా వరకు డబ్బు అక్కరలేదు. గది గుమ్మం మీద కట్టినవాడి పేరు ఉండాలి. రేపు ఆ గదిని తీసి డబ్బు పెట్టి అమ్మే భాగంలో పెడితే, ముందు ఆ మనిషిని అడగాలి, వాటా ఇవ్వాలి. ఇది రాతపూర్వకంగా ఉండాలి. నెలల తరబడి రాత్రులు కూర్చుని ఊరికే పని చేసిపెట్టేవాళ్ళ పట్ల ఆ మాత్రం మర్యాద అడగడం ఎక్కువేమీ కాదు.

ఒక గదితో ఆగిపొమ్మని మాత్రం అనను. ఆన్‌లైన్ గేమ్‌కి గది చాలు. సొంత కంప్యూటర్‌లో ఆడుకునే గేమ్ అయితే పూర్తి ఎడిటర్ ఇవ్వాలి, గోడతో సహా. దానికి కారణం ఆడేవాళ్ళ సరదాకి మించినది.

టైటాన్ క్వెస్ట్ చేసిన ఐరన్ లోర్ 2008లో మూతపడింది. అక్కడి నుంచి వచ్చిన కొందరు క్రేట్ ఎంటర్‌టైన్‌మెంట్ అని పెట్టుకుని, అదే ఇంజిన్ మీద గ్రిమ్ డాన్ కట్టారు. అది 2016లో పూర్తయింది. టార్చ్‌లైట్ చేసిన రూనిక్ 2017లో మూతపడింది. కంపెనీలు పోయాయి. ఆ గేమ్‌లకు మోడ్‌లు చేసేవాళ్ళు అందుకు ఆగలేదు. పనిముట్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడక్కరలేకపోయింది. సిటీ ఆఫ్ హీరోస్ మూతపడింది 2012 నవంబర్‌లో. ఆడేవాళ్ళు కంపెనీ సర్వర్ మీద కట్టిన మిషన్లకు ఆ రోజుతో గుమ్మమే లేకుండా పోయింది.

నాకూ అలాంటి అనుభవం ఒకటి ఉంది. ఒక ఆన్‌లైన్ యాక్షన్ ఆర్పీజీలో మూడేళ్ళు ఒకే క్యారెక్టర్‌ని పెంచాను. ఒకరోజు నోటీసు వచ్చింది, కొన్ని నెలల తరువాత సర్వర్లు ఆపేశారు. చివరి రాత్రి లాగిన్ అయి, ఊరి మధ్యలో నిలబడి, స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను. నా చుట్టూ ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. ఎవరూ ఏమీ కొట్టడం లేదు, ఊరికే నిలబడ్డారు. గడువు అవగానే తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది, కనెక్షన్ పోయిందని. మూడేళ్ళలో నాకు మిగిలినవి ఆ 11 స్క్రీన్‌షాట్లు. అక్కడ నేను ఒక రాయి కూడా కదిలించి ఎరగను, కదిలించే వీలు ఇవ్వలేదు.

సమాధి మాత్రం ఉంది. మూడు కంప్యూటర్లు మారాయి, ప్రతిసారీ ఆ ఫోల్డర్‌ని కాపీ చేసుకుంటూ వచ్చాను. ఇది రాసే ముందు మళ్ళీ తెరిచాను. కొండ, మెట్లు, నడవ అన్నీ అలాగే ఉన్నాయి. గుమ్మం ఇప్పుడు వెడల్పుగా ఉంది, దాని పక్కనే దాక్కోవడానికి ఒక పడిపోయిన స్తంభం ఉంది. మ్యాప్ ఫైల్ పక్కనే తమ్ముడి టెక్స్ట్ ఫైల్ కూడా ఉంది, 14 లైన్లు. 13 ఎప్పుడో సరిచేశాను. చివరిది వాడు రాసినప్పుడు నాకు అర్థం కాక వదిలేశాను: "బాస్ గదిలోకి రాగానే ఎటు చూడాలో తెలియట్లేదు."

రెండు కాగడాలు తెచ్చి, బాస్ వెనక గోడకు చెరోవైపు పెట్టాను. నడవ చివరికి వచ్చి నిలబడితే ఇప్పుడు దూరం నుంచే ఆ వెలుతురు కనిపిస్తోంది. తమ్ముడికి ఫైల్ పంపించాను. సెలవు రోజున ఆడి చెబుతానన్నాడు.